లిఫ్ట్ పక్కన పెట్టిన బోర్డు: ఒక అపార్ట్‌మెంట్ వివాదంలో మధ్యవర్తి కేస్ స్టడీ

ఈ వివాదం నా దగ్గరికి మెయింటెనెన్స్ బకాయిల తగాదాగా వచ్చింది. హైదరాబాదు పడమటి శివారులో స్టిల్ట్ మీద 7 అంతస్తులు, 84 ఫ్లాట్లు ఉన్న ఒక అపార్ట్‌మెంట్‌లో ముగ్గురు యజమానులు 4 నెలలుగా మెయింటెనెన్స్ కట్టడం మానేశారు. వారిపై ఏ చర్య తీసుకోవాలో తేల్చుకోలేక సంఘం రెండుగా చీలిపోయిందని, కోర్టుకు వెళ్లేముందు ఒకసారి కూర్చుని మాట్లాడుకోవడానికి ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయని కార్యదర్శిగారు ఫోన్‌లో చెప్పారు. డబ్బు ఎందుకు ఆపారని అడిగితే "లిఫ్ట్ దగ్గర ఏదో చిన్న విషయం మేడం" అన్నారు. నేను న్యాయవాదిని. 40 గంటల మధ్యవర్తిత్వ శిక్షణ పూర్తిచేసి పదేళ్లకు పైగా ఆస్తి, కుటుంబ, ఇరుగుపొరుగు తగాదాల్లో మధ్యవర్తిగా పనిచేస్తున్నాను. ఇరుగుపొరుగు తగాదాల్లో ఎవరైనా "చిన్న విషయం" అన్న చోటే ముందు తవ్వి చూడాలని ఈ పని నాకు నేర్పింది. పక్షాల అనుమతితో, ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చి ఈ కేసును ఇక్కడ రాస్తున్నాను.

ఆ చిన్న విషయం, లిఫ్ట్ పక్కన గోడకు అంటించిన ఒక లామినేషన్ కాగితం. "పనివాళ్లు, డ్రైవర్లు, డెలివరీ బాయ్స్ మెయిన్ లిఫ్ట్ వాడరాదు. సర్వీస్ లిఫ్ట్ మాత్రమే వాడవలెను. ఉల్లంఘించిన వారికి రూ. 500 జరిమానా" అని దాని మీద ఉంది. భవనంలో లిఫ్టులు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి 8 మందిని మోసేది, మరొకటి 13 మందిని మోసేది. స్ట్రెచర్ పట్టే ఆ పెద్దదాన్నే సర్వీస్ లిఫ్ట్ అంటున్నారు. రెండూ తిరుగుతున్నంత కాలం బోర్డు గురించి ఎవరూ మాట్లాడలేదు. నొచ్చుకున్నవారు ఉన్నా నోరు విప్పలేదు. ఆ ఏడు వానాకాలంలో లిఫ్ట్ గుంతలోకి నీరు దిగి పెద్ద లిఫ్ట్ ఆగిపోయింది. మరమ్మతు ఖర్చు మీద కమిటీలో బేరసారాలు సాగుతుండగా 7 వారాలు గడిచాయి. బోర్డు మాత్రం అక్కడే ఉంది, దాన్ని అమలు చేయమని వాచ్‌మన్‌కు ఇచ్చిన ఆదేశమూ అలాగే ఉంది. అంటే ఆ 7 వారాలూ భవనంలో పనిచేసే ఆడవాళ్లందరూ మెట్ల మీదే ఎక్కి దిగారు.

అందులో 52 ఏళ్ల ఒకామె నాలుగు ఇళ్లలో పనిచేస్తుంది. ఉదయం 6 గంటలకు ఏడో అంతస్తులో పక్షవాతంతో మంచాన ఉన్న ఒక పెద్దాయనను లేపి కూర్చోబెట్టడానికి ఆయన భార్యకు సాయంగా వెళ్తుంది. తరువాత రెండు, ఐదు, మళ్లీ ఏడు. సాయంత్రం ఐదో అంతస్తు పాపను స్కూల్ బస్సు దగ్గర నుంచి ఇంటికి తీసుకువెళ్తుంది. ఒక సాయంత్రం పాప బ్యాగు భుజాన వేసుకుని, పాప చేయి పట్టుకుని లిఫ్ట్‌లో అడుగు పెట్టబోతుండగా వాచ్‌మన్ చేయి అడ్డం పెట్టాడు. పాపను లిఫ్ట్‌లో వెళ్లమని, ఆమెను మెట్ల మీద రమ్మని అన్నాడు. ఏడేళ్ల పాప లిఫ్ట్‌లోంచి బయటికి వచ్చేసి, ఐదు అంతస్తులూ ఆమెతో కలిసి నడిచి ఎక్కింది. ఇంటికి వెళ్లి తల్లిదండ్రులను ఎందుకని అడిగింది. వారి దగ్గర జవాబు లేకపోయింది. డబ్బు ఆపిన ముగ్గురిలో వారు ఒకరు, ఏడో అంతస్తు దంపతులు మరొకరు.

సమావేశానికి ముందు నేను ప్రతి పక్షంతోనూ విడిగా మాట్లాడతాను. కార్యదర్శిగారితో రెండు గంటలు కూర్చున్నాను. ఆయన ఉద్యోగ విరమణ చేసిన మనిషి. జీతం లేని పని, రాత్రి 11 గంటలకు నీళ్లు రావడం లేదని ఫోన్ వస్తే లేచి వెళ్లేది ఆయనే. తన ముందు ఒక ఫైలు పెట్టుకుని వరుసగా చూపించారు: ఉదయం స్కూల్ బస్సుల వేళ లిఫ్ట్ కోసం పిల్లలు నిలబడిపోతున్నారని ఫిర్యాదులు, చెత్త సంచుల నుంచి కారిన నీటితో లిఫ్ట్ కంపు కొట్టిన ఫోటోలు, డెలివరీకి వచ్చినవారు తలుపు అడ్డుపెట్టి ఆపేస్తున్నారన్న ఫిర్యాదులు, ఒక ఫ్లాట్‌లో జరిగిన దొంగతనం, రాత్రి వేళ తెలియని మగవాడితో ఒంటరిగా లిఫ్ట్‌లో వెళ్లాల్సి వచ్చి భయపడ్డానని ఒక అమ్మాయి రాసిన ఉత్తరం. ఈ ఫైలును నేను పక్కన పెట్టలేదు. ఇలాంటి వివాదాల్లో బోర్డు పెట్టినవారిని మనసులోనే దోషులుగా తేల్చుకుని గదిలోకి వెళ్లే మధ్యవర్తి ఏ పనీ సాధించలేడు. ఆ ఫిర్యాదుల్లో ప్రతి ఒక్కటీ నిజమైనదే. వాటికి పరిష్కారం కావాలి. అయితే ఫైలు మూసేముందు ఆయనను ఒక్కటే అడిగాను: "ఈ కాగితాల్లో పనిచేసే ఆడవాళ్ల మీద వచ్చిన ఫిర్యాదు ఏది?" ఆయన పేజీలు వెనక్కి తిప్పారు. చెత్త నీళ్ల ఫోటోలు చూపించబోయి, ఆ సంచులు తెల్లవారుజామున ఫ్లాట్ల వాళ్లే కిందికి తెచ్చినవి కూడా కావచ్చని తానే అన్నారు. ఆ నిజాయితీ తరువాత మాకు చాలా ఉపయోగపడింది.

నాలుగు ఇళ్లలో పనిచేసే ఆమెతో మాటలు స్టిల్ట్‌లో, కారు పార్కింగ్ పక్కన ఒక సిమెంటు దిమ్మ మీద జరిగాయి. తనది నల్లగొండ వైపు ఊరు. మోకాళ్ల గురించి చెబుతుందని నేను అనుకున్నాను. "మెట్లు ఎక్కుడు నాకు కొత్త గాదమ్మా. మోకాళ్లకు గోలి ఏసుకుంటే తగ్గుతది. ఆ పిల్ల నా చేతుల మీద పెరిగింది. దాని ముందట నన్ను ఆపిండు" అంది. మళ్లీ కాసేపటికి, వాచ్‌మన్ మీద కోపం లేదని, అతనేం చేస్తాడని తానే చెప్పింది.

వాచ్‌మన్ పరిస్థితి ఈ కేసులో నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టింది. అతను భార్యాపిల్లలతో స్టిల్ట్‌లో నీళ్ల సంపు పక్కనున్న ఒకే గదిలో ఉంటాడు. అతని భార్య అదే భవనంలో రెండు ఇళ్లలో అంట్లు తోముతుంది. నియమం రాసింది పదకొండు మంది కమిటీ సభ్యులు, ఓటు వేసింది జనరల్ బాడీకి వచ్చిన యజమానులు. కానీ ఆ నియమాన్ని రోజూ ఒక మనిషి ముఖం మీద చెప్పాల్సినవాడు అతను ఒక్కడే. ఆ 7 వారాల్లో తన భార్యను కూడా లిఫ్ట్ ఎక్కనివ్వలేదని, ఆమెకు ఒక్కదానికి వదిలేస్తే మిగతావాళ్లకు ఏం చెప్పాలని నన్నే అడిగాడు. ఒక నియమం న్యాయమైనదో కాదో తెలుసుకోవడానికి దాన్ని అమలు చేసే ఆఖరి మనిషిని అడగాలని నేను అప్పటినుంచి ప్రతి కేసులోనూ పట్టుబడుతున్నాను. మనం కాగితం మీద తేలిగ్గా రాసే "వాడరాదు" అన్న మాట అక్కడికి చేరేసరికి ఒక చేయి అవుతుంది, ఇంకొకరి దారికి అడ్డం పడుతుంది.

ఇక నా పొరపాటు గురించి రాయాలి. తగాదా యజమానుల మధ్య కాబట్టి పక్షాలు యజమానులే అనుకుని మొదటి సమావేశాన్ని కమిటీతోను, డబ్బు ఆపిన ముగ్గురితోను మాత్రమే నడిపాను. మూడు గంటల్లోనే సంతోషంగా ఒక ఒప్పందం తయారైంది. మూడేళ్లకు పైగా పనిచేస్తున్న, యజమాని హామీ ఇచ్చిన పనివారికి ఒక కార్డు ఇస్తారు. ఆ కార్డు మెడలో వేసుకున్నవారు చిన్న లిఫ్ట్ వాడవచ్చు. మిగిలినవారికి బోర్డు యథాతథం. అందరూ తలలూపారు. బకాయిలు కట్టేస్తామన్నారు. ఇంటికి వెళ్తూ దారిలో ఆ ఒప్పందాన్ని మనసులో మళ్లీ చదువుకున్నాను. పాప తల్లిదండ్రుల ఇబ్బంది తీరింది, పెద్దాయన ఇంటి ఇబ్బంది తీరింది, కార్యదర్శిగారి మాట నిలబడింది. నియమంలో ఏముందో అది మాత్రం మారలేదు. పైగా ఇప్పుడు ఒక మనిషి లిఫ్ట్ ఎక్కాలంటే తాను మంచిదానినని మరొకరి చేత రాయించుకుని మెడలో వేలాడదీసుకోవాలి. మంచి మనసున్న యజమానులే దీనికి ముందు ఒప్పుకున్నారని కూడా గమనించాను. తమ ఇంటి మనిషికి మినహాయింపు దొరికితే నియమంతో వారికి పేచీ లేకుండా పోయింది. మరుసటి ఉదయం ఇరుపక్షాలకూ ఫోన్ చేసి, ఈ ఒప్పందం ఎవరి మీద అమలవుతుందో వారు గదిలో లేరని, వారు లేకుండా దీన్ని ఖరారు చేసే పనిలో నేను ఉండలేనని చెప్పాను. కార్యదర్శిగారికి కోపం వచ్చింది. "వాళ్లతో మాకు తగాదా లేదండీ" అన్నారు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. తగాదా పెట్టుకోవడానికి కూడా వారికి ఆ సంఘంలో స్థానం లేదు. సంఘంలో సభ్యులు యజమానులే. అద్దెకుండేవారికి కూడా ఓటు లేదు.

రెండో సమావేశానికి మూడు వారాలు పట్టింది. ఈలోగా రెండు పక్షాలూ చట్టం తమ వైపే ఉందని నమ్ముతున్నట్టు నాకు అర్థమైంది. మధ్యవర్తి ఎవరికీ న్యాయ సలహా ఇవ్వకూడదు. ఎవరి న్యాయవాదిని వారు అడగవలసిన ప్రశ్నలను మాత్రం నేను రాసి ఇచ్చాను. ఆ ప్రశ్నల వెనుక ఉన్న సంగతులు ఇవి. ఉమ్మడి రాష్ట్రంలో 1987లో వచ్చిన అపార్ట్‌మెంట్ల చట్టం కింద మెట్లు, లిఫ్టులు ఉమ్మడి స్థలాల్లోకి వస్తాయి, ప్రతి ఫ్లాట్ యజమానికీ వాటిలో విడదీయరాని వాటా ఉంటుంది. కాబట్టి ఉమ్మడి స్థలాలను ఎలా వాడాలో నియమాలు చేసుకునే అధికారం సంఘానికి ఉంది. ఈ అధికారం చిన్నదేమీ కాదు. అహ్మదాబాదులోని ఒక పార్సీ సహకార గృహసంఘం సభ్యత్వాన్ని తమ మతస్థులకే పరిమితం చేసుకోవడాన్ని సైతం సుప్రీంకోర్టు 2005లో తప్పుపట్టలేదు. దుకాణాలు, హోటళ్లు, ప్రజల బావులు, రోడ్లలో వివక్ష కూడదని చెప్పే రాజ్యాంగంలోని 15(2) అధికరణ మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు అంటుందే తప్ప, చేసే పని అనదు. పైగా ప్రైవేటు భవనంలోని లిఫ్ట్‌కు అది నేరుగా వర్తిస్తుందని చెప్పడం కష్టం. ఇది ముగ్గురు యజమానులకు నచ్చని సంగతి.

రెండో వైపు సంగతులు కమిటీకి నచ్చలేదు. అంటరానితనాన్ని నిషేధించే 17వ అధికరణ ప్రభుత్వానికే కాదు, ప్రతి వ్యక్తికీ వర్తిస్తుంది. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం, 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం దాని వెనుక ఉన్నాయి. లిఫ్ట్ దగ్గర ఎవరినైనా కులం పేరుతో ఆపడం గాని, దూషించడం గాని జరిగిందా అని నేను పనిచేసేవారిని విడివిడిగా అడిగాను. జరిగి ఉంటే అది నేరం. అలాంటి నేరాన్ని మధ్యవర్తిత్వంలో మాట్లాడుకుని సర్దుకోవడానికి వీల్లేదు, నేను అక్కడితో ఆగిపోయేదాన్ని. అలా జరగలేదని అందరూ చెప్పారు. గౌరవంతో జీవించడం 21వ అధికరణలో భాగమని మన కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. 19, 21 అధికరణల కింది హక్కులను ప్రభుత్వేతర వ్యక్తులపై కూడా కోరవచ్చని 2023 జనవరిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం మెజారిటీతో తీర్పునిచ్చింది. ఇవన్నీ పెద్ద మాటలు. చిన్న మాట ఒకటి ఉంది, అదే కమిటీని ఆలోచింపజేసింది: సభ్యుడు కాని మనిషి మీద సంఘం తన బైలాస్‌ను చూపి రూ. 500 జరిమానా ఎలా వేస్తుంది? బైలాస్ సభ్యుల మధ్య ఒప్పందం. నెలకు ఒక ఇంటి నుంచి రెండున్నర వేలు తెచ్చుకునే మనిషి దగ్గర అప్పటికి మూడుసార్లు ఆ జరిమానా వసూలైంది. దానికి రసీదు లేదు, పద్దు లేదు. కమిటీ న్యాయవాది కూడా దాన్ని సమర్థించలేకపోయారు.

రెండో సమావేశం క్లబ్‌హౌస్‌లో ఆదివారం మధ్యాహ్నం మూడింటికి పెట్టాము. ఆ వేళ పనివారికి కాస్త తీరిక ఉంటుంది. పనిచేసే ఆడవాళ్ల తరఫున నలుగురు, వాచ్‌మన్, ఒక డ్రైవరు, కమిటీ నుంచి ఐదుగురు, ముగ్గురు యజమానులు, అద్దెకుండేవారిలో ఒకరు వచ్చారు. డెలివరీ పనిచేసేవారి తరఫున ఎవరూ రాలేదు. రోజుకొకరు మారే ఆ పనిలో ఫలానా భవనం తమదని చెప్పుకోగలిగినవారు దొరకలేదు. ఒక యువకుణ్ణి గేటు దగ్గర ఆపి అడిగితే, ఐదో అంతస్తుకు మెట్లెక్కి దిగేసరికి ఇంకో ఆర్డరు పోతుందని రెండు ముక్కల్లో చెప్పి బండి తిప్పుకుని వెళ్లాడు. ఆ లోటు ఒప్పందంలోనూ మిగిలింది.

గదిని నేను ముందే వెళ్లి సర్దాను. అందరికీ ఒకే రకం ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేయించాను. టీ అందరికీ ఒకే రకం కాగితం కప్పుల్లో ఇవ్వమని ముందే కోరాను. మన రెండు రాష్ట్రాల పల్లెల్లో టీ కొట్ల దగ్గర రెండు గ్లాసుల పద్ధతి ఎంతకాలం నడిచిందో తెలిసినవారికి ఈ జాగ్రత్త ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. అయినా నలుగురు ఆడవాళ్లూ వచ్చి తలుపు దగ్గర గోడకు ఆనుకుని నిలబడ్డారు. నేను రమ్మంటే ఒకరినొకరు చూసుకున్నారు. చివరికి ఏడో అంతస్తు అమ్మగారు లేచి వెళ్లి, రోజూ తన భర్తను కూర్చోబెట్టే ఆమెను చేయి పట్టుకుని తెచ్చి తన పక్క కుర్చీలో కూర్చోబెట్టుకున్నారు. మిగిలిన ముగ్గురూ వచ్చి కూర్చున్నారు.

అక్కడ నేను పెట్టుకున్న ఒక నియమం కూడా నిలబడలేదు. గదిలో అందరూ అందరినీ "మీరు" అనాలని మొదట్లోనే ప్రకటించాను. పది నిమిషాలకే ఆమె చేయెత్తి, "నన్ను మీరు అంటుంటే ఎవరితోనో మాట్లాడుతున్నట్టే ఉన్నదమ్మా, నాకు సమజ్ అయితలేదు" అంది. నేను కృష్ణా జిల్లా నుంచి వచ్చినదాన్ని. మా వైపు "నువ్వు", "మీరు"ల మధ్య గీత చాలా గట్టిది. తెలంగాణ పల్లె మాటలో కన్నతండ్రినీ, ఊరి పెద్దనూ కూడా ప్రేమగా "నువ్వు" అనడం ఉంది. అందులో అగౌరవం లేదు. నా ప్రాంతపు మర్యాదను గౌరవానికి కొలబద్దగా అందరి మీదా పెట్టాను. మరి ఎలా పిలవమంటారని అడిగితే "అక్కా అంటే చాలు" అంది. 66 ఏళ్ల కార్యదర్శిగారు ఆమెను అక్కా అనడం ఎలా అని ఇబ్బంది పడి, చివరికి "అమ్మా" అన్నారు. ఆ మాటతో సర్దుకుంది. గౌరవం ఏ మాటలో ఉందో ఆ గౌరవం అందుకోవాల్సిన మనిషినే అడగాలన్నది నేను ఆ గదిలో నేర్చుకున్నాను. సర్వనామం సంగతి అలా తేలింది గాని, "బాయ్స్" అన్న మాటను మాత్రం వదలకుండా చర్చించాము. గదిలోకి వచ్చిన డ్రైవరుకు 47 ఏళ్లు. ఆయన కూతురు డిగ్రీ చదువుతోంది.

మాటలు మొదలయ్యాక కార్యదర్శిగారు తన ఫైలులోని ఫిర్యాదులను ఒక్కొక్కటిగా చదివారు. నేను ప్రతిదానికీ ఒకే ప్రశ్న వేశాను: ఇక్కడ ఇబ్బంది పెట్టిన పని ఏది? చెత్త సంచిలోంచి నీరు కారడం. తలుపు పట్టుకుని ఆపడం. స్కూల్ వేళ రద్దీ. తెలియని మనిషి లోపలికి రావడం. ఇవన్నీ గదిలోని వైట్‌బోర్డు మీద రాసుకుంటూ పోయాము. వాటిలో ఒక్కటి కూడా "పనిమనిషి" అన్న పదంతో మొదలు కాలేదు. యజమానుల్లో ఒక ఇంజనీరు ఉన్నారు. అప్పటిదాకా ఆయన కమిటీ వైపే ఉన్నారు. లిఫ్ట్‌లో ఉండే పలక గుర్తుచేసి, 8 మంది అంటే 544 కిలోలు, తలకు 68 కిలోల లెక్క అని, లిఫ్ట్‌కు తెలిసింది బరువేనని అన్నారు. రద్దీ మాట ఊహలతో తేల్చవద్దని, ఒక వారం లెక్క రాయిద్దామని సూచించింది కూడా ఆయనే.

ఆ వారం వాచ్‌మన్, అద్దెకుండే ఒక విద్యార్థి కలిసి నోట్‌బుక్‌లో రాశారు. ఉదయం 8 నుంచి 8.45 వరకు లిఫ్ట్ నిండిపోతోంది. అందులో ఉన్నది పిల్లలు, వారిని దింపే తల్లిదండ్రులు, ఆఫీసుకు వెళ్లేవారు. పనిచేసే ఆడవాళ్లలో ఎక్కువమంది 7 గంటలకు ముందే పైకి వెళ్లిపోతున్నారు, కిందికి దిగేది 9 దాటాకే. లిఫ్ట్‌లో తడి మరకలు కనిపించిన 6 సందర్భాల్లో మూడు చెత్త సంచులవి, రెండు 20 లీటర్ల నీళ్ల క్యాన్లవి, ఒకటి వానలో తడిసి వచ్చిన గొడుగులది. ఇది శాస్త్రీయమైన సర్వే కాదు, ఒక భవనంలో ఒక వారపు నోట్‌బుక్. కానీ ఏడాదిన్నరగా అందరూ నిజమని నమ్మిన మాటను ఎవరూ అంతకుముందు లెక్కపెట్టి చూడలేదు.

మూడో సమావేశంలో నియమాన్ని మళ్లీ రాశాము. నేను కలం పట్టుకోలేదు. కార్యదర్శిగారే రాశారు, ఇంజనీరు దిద్దారు, ప్రతి వాక్యాన్నీ బిగ్గరగా చదివాకే ఖాయం చేశారు. మనిషిని బట్టి కాక పనిని బట్టి రాయాలన్నది అప్పటికి అందరూ ఒప్పుకున్న సూత్రం. తడి చెత్త, నీళ్ల క్యాన్లు, ఫర్నిచర్, సిమెంటు, పెయింటు వంటివి ఎవరు మోసినా పెద్ద లిఫ్ట్‌లోనే తీసుకువెళ్లాలి. యజమాని తన చెత్త తానే దింపినా అంతే. చెత్తకు మూతబిగిసే బకెట్ తప్పనిసరి. రోగులు, వృద్ధులు, గర్భిణులు, వికలాంగులకు, చంటిపిల్లలతో ఉన్నవారికి రెండు లిఫ్టుల్లోనూ ముందు చోటు, వారు ఎవరైనా సరే. ఒక లిఫ్ట్ ఆగిపోతే రెండోది అందరిదీ. బయటివారు ఎవరో, ఎక్కడికి వెళ్తున్నారో గేటు దగ్గరే కనుక్కోవాలి. కారులో వచ్చిన చుట్టానికీ, బండి మీద వచ్చిన డెలివరీ మనిషికీ అదే రిజిస్టరు, ఆ అంతస్తుకు అదే ఫోన్. గేటు దాటిన మనిషిని లిఫ్ట్ దగ్గర మళ్లీ ఆపకూడదు. రాత్రి 10 దాటాక ఒంటరిగా ఉన్నవారికి ఎవరితోనైనా కలిసి వెళ్లడానికి సంకోచంగా ఉంటే తరువాతి లిఫ్ట్ కోసం ఆగే హక్కు, లేదా ఆగమని అవతలివారిని కోరే హక్కు ఉంటుంది. అలా కోరినవారిని ఎవరూ తప్పుపట్టకూడదు. ఉత్తరం రాసిన అమ్మాయి ఈ వాక్యాన్ని తానే రాసి పంపింది. జరిమానా ఏదైనా ఫ్లాట్‌కే, రసీదుతోనే. అప్పటికి వసూలు చేసిన మూడు జరిమానాలు వెనక్కి ఇవ్వాలి.

ఈ దశలో ఒకామె మెల్లగా, "లిఫ్ట్ సంగతి అయ్యింది గదా, బాత్రూం సంగతి చెప్పొచ్చా" అని అడిగింది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. తెల్లవారి 6 నుంచి మధ్యాహ్నం 2 దాకా ఈ భవనంలో ఉండే ఆడవాళ్లకు పనిచేసే ఇళ్లలో బాత్రూం కడిగే పని ఉంది గాని, వాడుకునే వీలు చాలా ఇళ్లలో లేదు. స్టిల్ట్‌లో ఒక మరుగుదొడ్డి ఉంది, దానికి తాళం వేసి ఉంటుంది, తాళంచెవి కమిటీ గదిలో ఉంటుంది. అందుకని వారు ఉదయం నుంచి నీళ్లు తాగరు. ఒకామెకు మూత్రనాళ ఇన్ఫెక్షన్ రెండుసార్లు వచ్చింది. మూడు నెలలుగా మేము లిఫ్ట్ గురించి మాట్లాడుతున్నాము. వారికి అన్నిటికంటే ముందు కావలసింది అది కాదు. అడిగే చోటు దొరికాకే అది బయటికి వచ్చింది. ఇళ్ల లోపలి సంగతి సంఘం తీర్మానించలేదు, అది ఆ ఇంటివారికీ పనిచేసేవారికీ మధ్య తేలవలసిందే. ఇంటిపని చేసేవారి హక్కులకు ప్రత్యేక చట్టం అవసరాన్ని పరిశీలించమని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్ర ప్రభుత్వానికి చెప్పవలసి వచ్చిందంటేనే వారి పని ఎంతవరకు చట్టం కంటికి ఆనకుండా ఉందో తెలుస్తుంది. ఆ చట్టం కోసం ఆగకుండా చేయగలిగింది స్టిల్ట్‌లోని మరుగుదొడ్డి. గొళ్లెం బాగుచేయించి, కొళాయి పెట్టించి, లైటు వేయించి తెరిచి ఉంచాలని ఒప్పందంలో చివరి అంశంగా చేర్చారు.

జనరల్ బాడీలో ఒప్పందం ఆమోదం పొందింది. వ్యతిరేకంగా ఓటు వేసినవారూ ఉన్నారు. ముగ్గురూ బకాయిలు కట్టారు. ఇలాంటి ఒప్పందానికి కోర్టు డిక్రీకి ఉండే బలం లేదని నేను మొదటే చెప్పాను. 2023 మధ్యవర్తిత్వ చట్టంలో ఇరుగుపొరుగు తగాదాల కోసం సామాజిక మధ్యవర్తిత్వంపై ఒక అధ్యాయం ఉంది. అక్కడ కుదిరే ఒప్పందాన్ని కూడా సివిల్ కోర్టు డిక్రీలా అమలు చేయించుకోలేరని ఆ చట్టమే చెబుతోంది. నిలబడాలంటే రాసుకున్నవారే నిలబెట్టుకోవాలి.

కొన్ని తేలలేదు. ఆ సాయంత్రం జరిగినదానికి కమిటీ క్షమాపణ చెప్పాలని పాప తండ్రి చివరిదాకా పట్టుబట్టారు. కార్యదర్శిగారు చెప్పలేదు. నేను బలవంతం చేయలేదు, బలవంతపు క్షమాపణ మీద నాకు నమ్మకం లేదు. అయితే మూడో సమావేశం అయిన సాయంత్రమే ఆయన ఎవరికీ చెప్పకుండా స్టూలు తెచ్చుకుని ఆ లామినేషన్ కాగితాన్ని తానే గోడ మీంచి పీకేశారని వాచ్‌మన్ నాకు చెప్పాడు. పాపను ఇంటికి తెచ్చే ఆమె దాన్ని ఎలా తీసుకుందని అడిగితే, "సారు పెద్దమనిషి, పోనియ్" అందట. అద్దెకుండేవారికి ఓటు ఇప్పటికీ లేదు. రెండు ఇళ్లవారు తమ దగ్గర పనిచేసేవారిని ఇంకా మెట్ల మీదే రమ్మంటున్నారు. సంఘం నియమం వారి గుమ్మం దాకే వెళ్లగలుగుతోంది.

ఆరు నెలలకు ఒప్పందం ప్రకారం చూడడానికి వెళ్లాను. లిఫ్ట్ గుంతలో నీరు తోడే పంపు పెట్టారు, రెండు లిఫ్టులూ తిరుగుతున్నాయి. గోడ మీద కొత్త నియమం ఉంది, పెద్ద అక్షరాల్లో, తెలుగులో, హిందీలో. స్టిల్ట్‌లోకి వెళ్లి చూస్తే మరుగుదొడ్డికి మళ్లీ తాళం ఉంది. బయటి డ్రైవర్లు వాడి పాడుచేస్తున్నారని వేశామని, తాళంచెవి వాచ్‌మన్ దగ్గరే ఉందని, అడిగితే ఇస్తాడని చెప్పారు. ఆడవాళ్లు మగవాడి దగ్గరికి వెళ్లి ప్రతిసారీ ఆ తాళంచెవి అడగాలా అని కార్యదర్శిగారిని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, వాచ్‌మన్ భార్యను పిలిపించి, ఎన్ని తాళంచెవులు చేయించాలో లెక్క చెప్పమన్నారు. ఆమె వేళ్ల మీద పేర్లు ఎంచి పంతొమ్మిది అంది. ఆయన జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి ఆ సంఖ్య రాసుకున్నారు.